ఆ క్షణాన్ని ఎవరూ చూడలేదు

ప్రియమైన చెల్లికి,

ప్రభువు నామంలో వందనాలు. నీ వ్యాసం చేరింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకుడిలా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. యేసు పునరుత్థానం చరిత్రలో నిజంగా జరిగిందా అన్న ప్రశ్నకు క్రైస్తవ వేదాంతులు ఎవరెవరు ఏం జవాబు చెప్పారో రాయాలనుకున్నావు. తొలి వ్యాసానికే ఇంత బరువైన విషయం ఎత్తుకున్నందుకు సంతోషం. "ఎవరి మనసైనా నొచ్చుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది" అని ఉత్తరం చివర రాశావు. ఆ టెన్షన్ కొంచెం ఉండనీ. నలభై ఏళ్లుగా రాస్తున్నాను, ఈ విషయం మీద కలం పెట్టినప్పుడు నాకు ఇప్పటికీ ఉంటుంది.

ఇరవయ్యో శతాబ్దపు ఇద్దరు పెద్ద వేదాంతుల గురించి నీ మూడో పేజీలో ఒక వాక్యం ఉంది: "బుల్ట్‌మన్ పునరుత్థానాన్ని కొట్టిపారేశాడు, బార్త్ దాన్ని నిలబెట్టాడు." దాని చుట్టూ గీత గీశాను. మిగతా వ్యాసమంతా ఆ వాక్యం నుంచే పుట్టింది. పేజీకి ఒకవైపు నమ్మినవాళ్లు, ఇంకోవైపు నమ్మనివాళ్లు. పేర్లన్నీ చకచకా రెండు వరసల్లో సర్దేశావు. నా ఇబ్బంది ఏమిటంటే, ఆ పేర్లు అలా సర్దుకునేవి కావు. ఎందుకో చెప్పాలంటే ముందు వేదాంతులను వదిలిపెట్టి సువార్తల దగ్గరికి వెళ్లాలి.

నాలుగు సువార్తలూ పక్కపక్కన పెట్టుకుని చివరి అధ్యాయాలు మళ్లీ చదువు. యేసు లేచిన క్షణాన్ని ఏ ఒక్కరైనా వర్ణించారేమో చూడు. ఒక్కరూ వర్ణించలేదు. స్త్రీలు వచ్చేసరికి అంతా అయిపోయి ఉంది. మత్తయి భూకంపం గురించి చెప్తాడు, దూత రాయి దొర్లించి దాని మీద కూర్చోవడం చెప్తాడు. అయినా యేసు బయటికి నడిచి రావడం మాత్రం అక్కడా కనబడదు. "ఆయన ఇక్కడ లేడు" అన్న మాటే వినబడుతుంది. యోహానులో పేతురు సమాధిలోకి దూరి చూస్తే నారబట్టలు పడి ఉంటాయి, తలకు చుట్టిన రుమాలు మాత్రం వాటితో కలవకుండా వేరేచోట చుట్టిపెట్టి ఉంటుంది. ఆ రుమాలు దగ్గర కాసేపు ఆగు. అదే సువార్తలో తొమ్మిది అధ్యాయాల ముందు లాజరు సమాధిలోంచి వస్తాడు. కాళ్లకూ చేతులకూ కట్లు, ముఖానికి రుమాలు. వేరేవాళ్లు విప్పితే తప్ప నడవలేడు. లాజరు పాత బతుకులోకే తిరిగి వచ్చాడు, మళ్లీ ఒకరోజు చనిపోవాల్సినవాడు. యేసు విషయంలో కట్లు విప్పినవాళ్లు లేరు, చూసినవాళ్లూ లేరు. పునరుత్థానం అంటే చనిపోయినవాడు బతికి రావడం అని నువ్వు రాశావు. అది లాజరుకు సరిపోతుంది. యేసు గురించి కొత్త నిబంధన చెప్పేది దానికంటే చాలా ఎక్కువ. ఆయన ఇక చావు ముట్టలేని జీవంలోకి వెళ్లాడని. ఈ తేడా చెప్పకుండా వేదాంతుల గొడవలోకి దిగితే పాఠకుడికి వాళ్లు దేని మీద పోట్లాడుకుంటున్నారో కూడా తెలియదు.

చూడని క్షణాన్ని చూసినట్టు రాయాలన్న ఆరాటం పాతదే. పేతురు సువార్త అనే ప్రాచీన గ్రంథం ఒకటుంది, బైబిల్‌లో చేరలేదు. అందులో కొంత భాగం 1886–87లో ఈజిప్టులోని అఖ్‌మీమ్‌లో ఒక సమాధిలో దొరికింది. అందులో కావలివాళ్ల కళ్లముందే ముగ్గురు సమాధిలోంచి వస్తారు. ఇద్దరు మూడో మనిషిని పట్టుకుని నడిపిస్తుంటారు, వెనకాల ఒక సిలువ నడిచి వస్తుంది. ఆ ఇద్దరి తలలు ఆకాశాన్ని తాకుతాయి, నడుస్తున్న మూడో ఆయన తల ఆకాశాన్ని దాటిపోతుంది. పైనుంచి ఒక స్వరం ప్రశ్న వేస్తే సిలువ "అవును" అని జవాబు చెప్తుంది. ఇది చదివి తర్వాత మార్కు చదువు. సినాయిటికస్, వాటికానస్ అనే నాలుగో శతాబ్దపు రెండు గొప్ప ప్రతుల్లో మార్కు సువార్త 16:8 దగ్గరే ఆగిపోతుంది. స్త్రీలు వణికిపోతూ సమాధి దగ్గర్నుంచి పారిపోయారు, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు. అంతే, అయిపోయింది. ఆ తర్వాతి పన్నెండు వచనాలు పిమ్మట చేరినవని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. నాకైతే ఆ భయమే అన్నిటికంటే నిజంగా అనిపిస్తుంది. తూర్పు (ఆర్థొడాక్స్) సంఘాల పునరుత్థాన చిత్రాలు చూసే ఉంటావు. సంప్రదాయంగా వాళ్లు కూడా యేసు సమాధిలోంచి వస్తున్నట్టు గీయరు. పాతాళపు తలుపులు తొక్కి ఆయన ఆదామును, హవ్వను మణికట్లు పట్టుకుని పైకి లాగుతుంటాడు. వేళ్లు కాదు, మణికట్టు. లేచేవాడి బలంతో పని లేదన్నట్టు.

ఎవరూ చూడని ఆ క్షణం ఉంది చూశావా, వేదాంతులందరూ నిలబడింది దాని అంచునే. ఎవరు ఎటు తిరిగి నిలబడ్డారన్నదే తేడా.

ఇప్పుడు "చరిత్ర" అన్న మాట. నీ వ్యాసంలో ఇది పాతిక సార్లు వచ్చింది, ఒక్కసారి కూడా అర్థం చెప్పలేదు. మన భాషలో ఈ మాట చాలా బరువులు మోస్తుంది. జరిగిపోయింది చరిత్రే, జరిగినదాని గురించి ఆధారాలతో రాసేదీ చరిత్రే, ఒకరి జీవితకథా చరిత్రే. జర్మన్ వేదాంతులకు ఇందుకు రెండు మాటలున్నాయి, హిస్టోరీ, గెషిష్టె. ఆధారాలు పరీక్షించి తేల్చగలిగేది మొదటిది. మన బతుకును పట్టి కుదిపేలా జరిగినది రెండోది. వాళ్లంతా ఈ రెండిటినీ ఒకేలా వాడారని కాదు. కానీ "జరిగిందా?" అన్న ప్రశ్న వేరు, "జరిగిందని చరిత్రకారుడు తేల్చగలడా?" అన్న ప్రశ్న వేరు. ఈ రెండూ విడదీసిన మరుక్షణం నీ రెండు వరసలూ చెదిరిపోతాయి.

1898లో ఎర్న్‌స్ట్ ట్రోల్ట్‌ష్ అనే జర్మన్ వేదాంతి చరిత్ర పరిశోధనకు కొన్ని సూత్రాలు చెప్పాడు. వాటిలో ఒకటి పోలిక. ఇవాళ మన అనుభవంలో ఉన్నవాటితో పోల్చి చూసే నిన్నటి సంగతుల్లో ఏది సంభవమో అంచనా కడతాం అన్నాడు. చనిపోయినవాళ్లు లేవడం మన అనుభవంలో లేదు. అలాంటప్పుడు ఈ కొలత పట్టుకున్న చరిత్రకారుడు పునరుత్థానం దగ్గరికి వచ్చి ఏం చేయాలి? ఇరవయ్యో శతాబ్దపు వాదాలన్నీ దాదాపుగా ఈ ప్రశ్న చుట్టూ తిరిగినవే.

రుడాల్ఫ్ బుల్ట్‌మన్ ఆ కొలతను ఒప్పుకున్నాడు. 1941లో ఇచ్చిన ప్రసంగంలో, విద్యుద్దీపాలూ రేడియోలూ వాడుకునే మనిషి కొత్త నిబంధన నాటి అద్భుతాల లోకాన్ని అలాగే నమ్మలేడన్నాడు. చరిత్రకారుడికి అందేది శిష్యుల్లో పుట్టిన విశ్వాసం వరకే. సిలువకు ఉన్న అర్థాన్ని చాటే మాటే పునరుత్థానం. సువార్త ప్రకటనలో క్రీస్తు ఇవాళ ఎదురై నిన్ను నిర్ణయం తీసుకోమంటాడు. ఇదీ ఆయన వైపు. దీనితో నేను ఏకీభవించను, ఎందుకో చివర్లో చెప్తాను. కానీ కొట్టిపారేశాడు అన్న మాట ఆయనకు తగదు. మృతదేహానికి ఏమైందన్న ప్రశ్నను విశ్వాసానికి పునాదిగా ఆయన ఒప్పుకోలేదు. రుజువుల మీద ఆనుకున్నది విశ్వాసమే కాదని ఆయన పట్టుదల. ఆయన లూథరన్, అంటే సంస్కర్త మార్టిన్ లూథర్ బాటలో నడిచే సంఘానికి చెందినవాడు. మనుషుల్ని నీతిమంతులుగా తీర్చేది క్రియలు కాదన్నట్టే, నమ్మకాన్ని నిలబెట్టేది ఆధారాలు కాదన్నాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నీ వయసులో నేను కూడా బుల్ట్‌మన్ మీద ఒక వ్యాసం రాశాను. ఒక మాసపత్రిక అచ్చువేసింది. "విశ్వాసాన్ని లోకానికి అమ్ముకున్నవాడు" అని రాశాను అందులో. నెల తిరక్కుండా ఒక వృద్ధ పాస్టరుగారు ఉత్తరం రాశారు. కోపంగా ఏమీ లేదు. "అయ్యా, ఆయన ప్రసంగాలు మీరు చదివారా?" అని ఒక్క ప్రశ్న. చదవలేదు. ఆయనను ఖండిస్తూ వేరే ఎవరో రాసిన పుస్తకం చదివి, అందులోంచి ఎత్తి రాశాను. తర్వాత వెతుక్కుని చదివాను. మార్బర్గ్‌లో ఆయన ప్రసంగాలు చేసిన రోజులు నాజీల రోజులు. సంఘాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలన్న ఆ ప్రభుత్వ ప్రయత్నాన్ని ఎదిరించిన కన్ఫెసింగ్ చర్చిలో ఆయన సభ్యుడు. అమ్ముకున్నవాడు అన్న మాట నేను రాసింది అలాంటి మనిషి గురించి. పాస్టరుగారికి క్షమాపణ చెప్తూ జాబు రాశాను గానీ అచ్చులో పడిన మాట అక్కడే ఉండిపోయింది. అందుకే నీ వ్యాసంలో ఆ వాక్యం చూడగానే పెన్సిల్ ఆగిపోయింది. ఏ వేదాంతిని గురించి రాసినా ఆయన సొంత పేజీలు కనీసం ముప్పై చదివి రాయి. నీకు నచ్చనివాళ్లవైతే అరవై.

కార్ల్ బార్త్‌ను చూడు. నిలబెట్టాడన్నావు. నిజమే. యేసు దేహంతో లేచాడనీ, అది కాలంలో, స్థలంలో జరిగిందనీ ఆయన గట్టిగా చెప్పాడు. ఖాళీ సమాధిని ఒక గుర్తుగా వదులుకోలేదు. అయితే చరిత్రకారుడి పరీక్షకు అది లొంగేది కాదన్నాడు. దేవుడు నేరుగా చేసిన పనిని కొలవడానికి మన దగ్గర కొలబద్ద లేదు. 1962లో అమెరికాలో ఒక సభలో కార్ల్ హెన్రీ అనే ఇవాంజెలికల్ వేదాంతి లేచి, అక్కడ కూర్చున్న పత్రికా విలేఖరులను చూపించి ఒక ప్రశ్న వేశాడు. వీళ్లే ఆరోజు అక్కడ ఉండి ఉంటే, ఆ జరిగింది వీళ్లు వార్తగా రాయాల్సిన సంగతేనా? బార్త్‌కు కోపం వచ్చిందట. లేచిన క్రీస్తు కనబడింది లోకానికి కాదు, శిష్యులకు అన్నాడట. హెన్రీ తర్వాత తన జ్ఞాపకాల్లో ఇదంతా రాసుకున్నాడు. ఆ ఇద్దరూ యేసు నిజంగా లేచాడని నమ్మినవాళ్లే! నీ పేజీలో ఒకే వరసలో ఉండాల్సినవాళ్లు. అయినా విలేఖరి నోట్‌బుక్‌లో ఏం పడేది అన్నచోట విడిపోయారు. నీ వ్యాసాన్ని నేనైతే ఈ సభతోనే మొదలుపెడతాను.

వోల్ఫ్‌హార్ట్ పానెన్‌బర్గ్ అనే జర్మన్ వేదాంతికి బుల్ట్‌మన్ దారీ నచ్చలేదు, బార్త్ దారీ నచ్చలేదు. విశ్వాసానికి చరిత్రకారుడు చేరలేని గది ఒకటి కట్టి అందులో దాక్కోవడం ఆయనకు ఇష్టం లేదు. 1964లో వచ్చిన తన గ్రంథంలో ట్రోల్ట్‌ష్ కొలతనే ప్రశ్నించాడు. ఇదివరకు ఎన్నడూ జరగలేదు గనుక ఇది జరగలేదని ముందే తీర్మానించుకుంటే ఇక పరిశోధన దేనికి? సిలువ వేసిన ఊళ్లోనే, యెరూషలేములోనే, ఆయన లేచాడని ప్రకటించారు. సమాధిలో శరీరం ఉండి ఉంటే ఆ ప్రకటన నిలిచేది కాదన్నాడు. ఇక్కడిదాకా నువ్వు కూడా రాశావు. నువ్వు వదిలేసింది ఒకటుంది. సువార్తల్లో యేసు కనబడిన కథల్లో చాలాభాగం తర్వాత అల్లుకున్నవని అదే పానెన్‌బర్గ్ అనుకున్నాడు. ఆయన ఆధారం ప్రధానంగా పౌలు. నమ్మినవాడే గానీ నువ్వు అనుకున్న రీతిలో కాదు. ఇలాంటి చోట్లు దాచకు. దాస్తే వాదన నున్నగా ఉంటుంది కానీ మనిషి మాయమవుతాడు.

పౌలు అన్నాను గనుక, మొదటి కొరింథీ 15వ అధ్యాయం. క్రీ.శ. 50ల మధ్యలో రాసిన లేఖ ఇది, సువార్తలన్నిటికంటే ముందుది. తనకు అందినదాన్నే అప్పగిస్తున్నానంటాడు పౌలు. క్రీస్తు చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో దినాన లేపబడ్డాడు, కేఫాకు (అంటే పేతురుకు) కనబడ్డాడు, తర్వాత పన్నెండుగురికి. ఐదువందల మందికి పైగా సహోదరులకు, యాకోబుకు, అందరికంటే చివర తనకు. ఖాళీ సమాధి మాట విడిగా లేదు. మగ్దలేనే మరియ పేరూ లేదు. పునరుత్థానాన్ని నమ్మని జర్మన్ పండితుడు గెర్డ్ లూడెమన్ కూడా ఈ మాటలు సిలువ తర్వాత తొలి కొన్నేళ్లలోనే రూపు కట్టాయని ఒప్పుకున్నాడు. పౌలు వాడిన క్రియను చూడు. కేఫా ఆయనను చూశాడని కాదు, కేఫాకు ఆయన కనబడెను. మన తెలుగులో ఈ తేడా చెవికి వెంటనే తెలుస్తుంది. చూడటం చూసేవాడి పని. కనబడటంలో కనబడేవాడి చొరవ కూడా ఉంది. లూడెమన్ 1994లో, పేతురు దుఃఖంలోంచీ తప్పుచేశానన్న బాధలోంచీ పుట్టిన దర్శనమే ఇదంతా అన్నాడు. ఇంగ్లండ్‌కు చెందిన బైబిల్ పండితుడు ఎన్.టి. రైట్ 2003లో ఎనిమిదివందల పేజీల గ్రంథం రాసి, ఉత్త దర్శనమే అయితే యూదులు దాన్ని పునరుత్థానం అనరన్నాడు. చనిపోయినవాళ్లు కలలో కనబడితే వాళ్లు చనిపోయారనే ఆ కాలం మనుషులకూ తెలుసు. ఖాళీ సమాధి, కనబడటం, రెండూ కలిస్తేనే ఆ నమ్మకం పుడుతుందని ఆయన వాదన. క్రీ.శ. 14లో అగస్టస్ మరణమంత, 70లో యెరూషలేము పతనమంత ఖాయంగా దీన్ని చెప్పవచ్చంటాడు. ఈ పోలిక నాకు ఎక్కువనిపిస్తుంది. అగస్టస్ చనిపోయాడని నమ్మడానికి ఎవరూ బతుకు మార్చుకోనక్కర్లేదు.

అదే రైట్, శరీరం లేవడం ముఖ్యం కాదన్న అమెరికా పండితుడు మార్కస్ బోర్గ్‌తో కలిసి 1999లో ఒక పుస్తకం రాశాడు. ఒక అధ్యాయం ఈయనది, ఒకటి ఆయనది. సమాధి ఖాళీగా ఉందా లేదా అన్నదానితో పని లేకుండానే యేసు ఇప్పుడు సజీవుడని బోర్గ్ చెప్తాడు. నీ వ్యాసం రాసేముందు ఆ ఇద్దరి గొంతు ఎలా ఉందో గమనించు.

మాటలు ఎత్తి రాసేటప్పుడు జాగ్రత్త. ఇంగ్లండ్‌లో డేవిడ్ జెంకిన్స్‌కు 1984లో డర్హమ్ బిషప్‌గా అభిషేకమైంది. మూడు రోజులకు, జూలై 9న, ఆ అభిషేకం జరిగిన యార్క్ మినిస్టర్ కెథెడ్రల్‌కే నిప్పంటుకుంది. పిడుగు పడిందన్నారు, దేవుని కోపమన్నవాళ్లూ ఉన్నారు. పునరుత్థానాన్ని ఆయన ఎముకలతో చేసే గారడీ అన్నాడని ఇప్పటికీ రాస్తుంటారు. నువ్వూ రాశావు. ఆయన అన్నది పునరుత్థానం కేవలం ఎముకలతో చేసే గారడీ కాదని. ఒక్క "కాదు" జారిపోతే మనిషి తలకిందులయ్యాడు. ఆ వాక్యం తీసేయి.

కతోలికుల మాట నీ వ్యాసంలో అసలు లేదు. 1992 నాటి వారి సత్యోపదేశ గ్రంథం ఇది నిజంగా జరిగిందనీ, చరిత్రలో దాని గుర్తులున్నాయనీ అంటూనే, ఆ క్షణాన్ని ఎవరూ చూడలేదనీ, అది చరిత్రను దాటిపోయేదనీ చెప్తుంది. ఒక పేరా చాలు, కానీ ఉండాలి. ఇంకొక పేరు కూడా చేర్చు, క్రైస్తవుడు కాకపోయినా. పిన్‌కాస్ లపీడ్ నిష్ఠ గల యూదుడు. దేవుడు యేసును మృతుల్లోంచి లేపడం నిజంగా జరిగిన సంఘటనేనని 1970ల్లో రాశాడు. అయినా యేసును మెస్సీయ అని ఒప్పుకోలేదు. జరిగిందని ఒప్పుకోవడానికీ విశ్వాసానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

నీ ఉత్తరంలో ఇంకో ప్రశ్న అడిగావు. నేనేం నమ్ముతానని. యేసు దేహంతో లేచాడని నమ్ముతాను. సమాధి ఖాళీ అయిందనీ నమ్ముతాను. క్రీస్తు లేపబడకపోతే మేము చేసే ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం అని పౌలు రాసినప్పుడు అతను ఉపమానం చెప్తున్నాడని నాకు అనిపించదు. బుల్ట్‌మన్‌తో నాకు పేచీ ఇక్కడే. చంపబడిన ఒక మనిషి పట్ల దేవుడు ఏం చేశాడన్నది, ఆ కథ విన్నప్పుడు నాకు ఏమవుతుందన్నదానికంటే ముందు ఉండాలి. లేకపోతే ఆ చంపబడినవాడికి న్యాయం ఎక్కడ జరిగినట్టు? కానీ దీన్ని రుజువు చేయగలనని మాత్రం అనను. నా భార్య సమాధి దగ్గర నిలబడిన రోజున నా చేతిలో రుజువులేమీ లేవు. పాస్టరుగారు చదివిన అదే 15వ అధ్యాయం ఉంది. నీ పాఠకుల్లో కూడా నిన్నో మొన్నో ఎవరినో మట్టిలో పెట్టి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లకు ఈ వ్యాసం పాండిత్యం కాదు. బార్త్, బుల్ట్‌మన్ అన్న పేర్లు వాళ్లకు అక్కర్లేదు, ఆ ఇద్దరూ దేనికోసం అంతగా పెనుగులాడారో కావాలి. అది వాళ్లకు అర్థమయ్యే మాటల్లో రాయి. నువ్వేం నమ్ముతావో కూడా ఒక్కచోట తేటగా చెప్పు, అప్పుడు మిగతాచోట్ల నువ్వు న్యాయంగా ఉన్నావో లేదో వాళ్లే చూసుకుంటారు.

కాగితాలు తిరిగి పంపిస్తున్నాను. మూడో పేజీ నుంచి ఆరో పేజీ దాకా మళ్లీ రాయాలి. ఏడో పేజీలో మార్కు చివరి వాక్యం గురించి, పారిపోయిన ఆ స్త్రీల గురించి రాసిన పేరా ఉంది. దాని పక్కన నేనేమీ రాయలేదు. అది అలాగే ఉండనీ. ఈస్టర్‌కు నెలరోజుల ముందు పంపగలిగితే మళ్లీ చదువుతాను.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య